కరీంనగర్ నుండి కడెం దాకా మూడు ఈజీ నడకలు.. ఆ దారుల కింద ఉన్న ఊళ్లు

ఈ ఎపిసోడ్ వారం లేట్ అయింది. దానికి కారణం మా బాపు. ఎందుకో మొదలే చెప్తా, ఎందుకంటే ఈరోజు కథంతా అక్కడి నుండే మొదలైంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు నా టీమ్‌లో ఉన్న ఇద్దరు ఫ్రెండ్స్ పోయిన నెల కరీంనగర్ వచ్చారు. "ట్రెక్కింగులు మావల్ల కాదురా. చెరువు పక్కనో, చెట్ల మధ్యనో చల్లగా ఒక గంట రెండు గంటలు నడిచేది ఉంటే చెప్పు" అన్నారు. కరీంనగర్‌లో ఈ ప్రశ్నకు ఎవరైనా చెప్పే మొదటి జవాబు ఒక్కటే: డ్యామ్ కట్ట. ఎల్‌ఎండీ. లోయర్ మానేరు డ్యామ్.

సాయంత్రం బండ్లు తీస్తుంటే బాపు అడిగాడు, "ఏడికి?" అని. డ్యామ్ కట్ట మీదికి అన్నా. ఒక్క నిమిషం ఆగి, "నేను గూడ వస్త" అన్నాడు.

నాకు ఆశ్చర్యమైంది. బాపు నలభై ఏళ్లకు పైగా కరీంనగర్‌లోనే ఉంటున్నాడు. మేం చిన్నగున్నప్పుడు సెలవుల్లో అమ్మ మమ్మల్ని డ్యామ్‌కి తీసుకపోయేది. బాపు ఒక్కసారి కూడా రాలేదు. ఆయనకు ఇట్లాంటివి ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి.

కట్ట మీద ఒక అర కిలోమీటర్ నడిచాం. ఫ్రెండ్స్ సూర్యుడు దిగుతున్న వైపు ఫోన్లు పెట్టి రీల్స్ తీస్తున్నారు. బాపు ఒక దగ్గర ఆగి నీళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"గా రెండు కొంగలు వాలినయ్ చూడు. గాడికి జరంత ఇవుతల మన బాయి. బాయి పక్కపొంటి యాపచెట్టు. చెట్టు కాడికెళ్లి పోచమ్మ గుడి దాక మీ తాత చెల్క."

నేను చూశా. నీళ్లు తప్ప ఏం లేవు అక్కడ.

నాకు ఇరవై ఎనిమిదేళ్లు. "మా ఊరు డ్యామ్‌ల పోయింది" అనే ఒక్క ముక్క ఇంట్లో వినేవాణ్ణి, అంతే. ఎక్కడ పోయింది, ఎట్లా పోయింది అని ఎన్నడూ అడగలేదు. ఊరి పేరు ఇక్కడ చెప్పను, బాపు వద్దన్నాడు.

ఆ రాత్రి నేను రెడీ చేసుకున్న స్క్రిప్ట్ పక్కన పడేశా. "కరీంనగర్ చుట్టుపక్కల మూడు ఈజీ వాక్‌లు" అని సింపుల్‌గా చేద్దామనుకున్న వీడియో అది. ఆ మూడు నడకలు ఇప్పుడూ చెప్తా. కానీ ప్రతి దగ్గరా ఒక ప్రశ్న కూడా అడుగుతా: మనం ఇక్కడ ఇంత ఈజీగా నడవడానికి ముందు, ఇక్కడి నుండి ఎవరు నడిచి వెళ్లిపోయారు?

మొదటి నడక: ఎల్‌ఎండీ కట్ట

ముందు పని మాటలు. కట్ట మీద దారి చదునుగా ఉంటుంది, ఎక్కడం దిగడం లేదు. పిల్లలు, పెద్దవాళ్లు ఎవరైనా నడవచ్చు. మట్టికట్ట మొత్తం పొడవు పది కిలోమీటర్లకు పైనే, కాబట్టి మీకు ఓపిక ఉన్నంత దూరం పోయి వెనక్కి తిరగండి. నీడ ఉండదు. ఎండాకాలం అయితే పొద్దున ఆరింటికో, సాయంత్రం ఐదు దాటాకో రండి. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఒడ్డు దగ్గర లోతు లేనట్టే కనిపిస్తుంది, కింద పాత బావులు, గుంతలు ఉంటాయి. అవి ఎవరి బావులో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక చరిత్ర. మానేరు గోదావరికి ఉపనది. సిరిసిల్ల మీదుగా, కరీంనగర్ పక్క నుండి పారి, మంథని అవతల గోదావరిలో కలుస్తుంది. ఈ నది మీద మూడు పెద్ద కట్టలున్నాయి. పైన గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర నిజాం కాలంలో మొదలైన ఎగువ మానేరు. మధ్యలో మాన్వాడ దగ్గర మధ్య మానేరు, ఇప్పుడు దాని పేరు శ్రీ రాజరాజేశ్వర జలాశయం. కింద కరీంనగర్‌ను ఆనుకొని మన దిగువ మానేరు.

దిగువ మానేరు పని 1974లో మొదలై 1985లో పూర్తయింది. ఇరవై గేట్లు. నిండితే సుమారు 24 టీఎంసీల నీళ్లు. ఇందులో ఆగేది మానేరు నీళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. 1963 జులై 26న నెహ్రూ పోచంపాడు దగ్గర గోదావరి మీద ప్రాజెక్టుకు పునాది రాయి వేశారు. ఇప్పుడు దాన్ని శ్రీరాంసాగర్ అంటున్నాం. అక్కడి నుండి కాకతీయ కాలువ బయలుదేరి 146 కిలోమీటర్లు వచ్చి ఈ డ్యామ్‌లో పడుతుంది. మోటార్లు లేవు, పంపులు లేవు. నేల వాలు చూసుకొని తవ్విన కాలువ, అంతే. ఇక్కడ కొంచెం ఆగి, మళ్లీ వరంగల్ వైపు పోతుంది. ఇంజనీరింగ్ చదివినవాడిగా చెప్తున్నా, నేల వాలును నమ్ముకొని నీటిని అంత దూరం నడిపించడం మామూలు విషయం కాదు.

కరీంనగర్ టౌన్‌కి తాగే నీళ్లు కూడా ఈ డ్యామ్ నుండే. అంటే నేను పుట్టినప్పటి నుండి తాగింది మా తాత చెల్క మీద నిలిచిన నీళ్లే. ఈ సంగతి బాపుతో అంటే ఆయన నవ్వాడు. "మరేమనుకున్నవ్? భూమి పోయినా మనకు అన్నం పెట్టుడు ఇడ్వలే. నీళ్ల రూపంల పెడ్తున్నది" అన్నాడు.

ఆయనకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఎడ్లబండి మీద మంచాలు, గాబులు, గోనెసంచులు ఎక్కించారట. తలుపులు, దర్వాజాలు, దూలాలు కూడా ఊడదీసి తెచ్చుకున్నారు, ఎందుకంటే మంచి కర్ర మళ్లీ కొనాలంటే పైసలు లేవు. నానమ్మ పొయ్యిలోని బూడిద ఒక ముంతలో పోసుకొని తెచ్చింది. ఎందుకే అని తాత కోపం చేస్తే జవాబు చెప్పలేదట.

ఆ రోజుల్లో ప్రభుత్వం భూమి తీసుకునేది 1894 నాటి చట్టం కింద. అది బ్రిటిష్ వాళ్లు చేసిన చట్టం. భూమికి రేటు కట్టి ఇవ్వాలని అందులో ఉంది. మనిషిని మళ్లీ ఎక్కడ నిలబెట్టాలి అనేది లేదు. పట్టా ఉన్నోడికి ఎంతో కొంత వచ్చింది. పట్టా లేని కూలీకి, కుమ్మరికి, ఊరి మీద ఆధారపడి బతికేవాడికి ఆ చట్టంలో చోటే లేదు. పునరావాసం కూడా హక్కే అని చెప్పే కొత్త చట్టం 2013లో వచ్చింది, 2014 జనవరి 1 నుండి అమల్లోకి వచ్చింది. 1894 నుండి 2013 అంటే 119 ఏళ్లు. ఈ మధ్యలో దేశంలో కట్టిన పెద్ద డ్యామ్‌లు దాదాపు అన్నీ ఆ పాత చట్టం మీదే కట్టారు.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. పైనున్న మధ్య మానేరు మన కళ్ల ముందే నిండింది. కొదురుపాక, వరదవెల్లి, చింతల్ ఠాణా, ఇంకా కొన్ని ఊళ్లు అందులో పోయాయి. నా వయసు వాళ్లు, నాతో పాటు కాలేజీలో చదివినవాళ్లు కూడా ఆ ఊళ్ల నుండి ఉన్నారు. వాళ్ల ఆధార్ కార్డు మీద ఇంకా ఆ ఊరి పేరే ఉంటే, ఆ అడ్రస్‌కి పోవాలంటే పడవ కావాలి.

అదే నీళ్లకు అటు ఒడ్డున: ఎలగందుల

డ్యామ్ నీళ్లకు ఇంకో వైపు ఒక గుట్ట కనిపిస్తుంది, దాని మీద కోట. అదే ఎలగందుల. కరీంనగర్ నుండి సిరిసిల్ల వైపు బండి మీద అరగంట లోపే. కింద ఈత, తాటి చెట్లు, పక్కన నీళ్లు. కోట పైకి మెట్లున్నాయి, మెల్లగా ఎక్కితే పెద్ద కష్టం లేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కింద గోడల వెంట తిరిగినా చాలు.

దీన్ని నేను మొదటి నడకతోనే ఎందుకు కలిపానంటే, ఇక్కడ వెళ్లిపోయింది పట్నమే. ఒకప్పుడు ఈ ప్రాంతానికి పెద్ద ఊరు ఎలగందుల. పాత పేరు బహుధాన్యపురం అంటారు, రకరకాల ధాన్యాలు పండే ఊరు అని. కాకతీయులు, తర్వాత కుతుబ్‌షాహీలు, మొఘలులు, చివరికి ఆసఫ్‌జాహీలు ఈ కోటను పట్టుకొని ఉన్నారు. 1754లో జఫరుద్దౌలా ఇక్కడ కట్టించిన జంట మినార్లను దో మినార్ అంటారు. నిజాం కాలంలో జిల్లా పేరే ఎలగందుల జిల్లా.

ఇక్కడి ఖిలేదార్ సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదే కొత్త ఊరికి కరీంనగర్ అని పేరు వచ్చిందని చెప్తారు. 1905లో నిజాం ప్రభుత్వం జిల్లాలను మళ్లీ సర్దినప్పుడు జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది. కచేరీలు పోయాయి. కచేరీలతో పాటు వకీళ్లు, మున్షీలు, దుకాణాలు, సరాయిలు పోయాయి. ఎలగందుల మళ్లీ ఒక పల్లె అయింది. కోట మీద నిలబడి చూస్తే ఒకవైపు నీళ్లు, ఆ నీళ్ల అవతల కరీంనగర్ బిల్డింగులు కనిపిస్తాయి. తన పట్నం తన నుండి వెళ్లిపోయి ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది ఆ సీన్.

తేడా కూడా గమనించండి. వకీలు ఎలగందుల నుండి కరీంనగర్ పోతే వెంట పని కూడా వచ్చింది. మా తాత ఊరు విడిచి వస్తే చేసే పని వెనకే ఉండిపోయింది. ఊరు మారడం అందరికీ ఒక్కలాగ ఉండదు.

రెండో నడక: బొమ్మలగుట్ట

ఇప్పుడు కరీంనగర్ నుండి జగిత్యాల వైపు పోదాం. గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరు. ఊరి దగ్గర బొమ్మలగుట్ట, కొందరు బొమ్మలమ్మ గుట్ట అంటారు. గుట్ట చిన్నదే. ముళ్ల పొదలు, రాళ్ల మధ్య దారి. షూస్ వేసుకొని రండి, వానాకాలంలో పాములు ఉంటాయి, చూసుకొని అడుగు వెయ్యండి. పది పదిహేను నిమిషాల్లో ఒక పెద్ద బండ ముందు నిలబడతారు. బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీ దేవి బొమ్మ, వాటి కింద అక్షరాలు.

ఆ అక్షరాల్లో తెలుగు భాష చరిత్ర ఉంది.

పదో శతాబ్దం మాట. అప్పుడు ఈ ప్రాంతానికి రాజధాని వేములవాడ. ఇప్పుడు మనం రాజన్న దర్శనానికి పోయే వేములవాడే. అక్కడ చాళుక్యుల్లో ఒక శాఖ ఏలేది, వాళ్లను వేములవాడ చాళుక్యులు అంటారు. రెండో అరికేసరి ఆస్థానంలో పంపకవి ఉండేవాడు. కన్నడ సాహిత్యానికి ఆదికవి అని కన్నడిగులు తలమీద పెట్టుకునే పంపడు. 941లో ఆయన విక్రమార్జున విజయం రాసింది ఈ రాజు దగ్గరే. అంటే కన్నడ వాళ్ల మొదటి మహాకవిని పోషించిన నేల మన పాత కరీంనగర్ జిల్లా. ఈ మాట బెంగళూరులో మా మేనేజర్‌కి చెప్తే మొదట నమ్మలేదు, గూగుల్ చేసి చూసుకున్నాడు.

ఆ పంపకవి తమ్ముడు జినవల్లభుడు. బొమ్మలగుట్ట మీద ఈ జైన విగ్రహాలు చెక్కించింది, శాసనం వేయించింది ఆయనే. శాసనం మూడు భాషల్లో ఉంటుంది: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. తెలుగులో అంతకు ముందు పద్యమే లేదా అంటే ఉంది, 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉంది. కానీ కందం అనే ఛందస్సులో మనకు దొరికిన అతి పాత పద్యాలు ఇవి. నన్నయ భారతానికి సుమారు వందేళ్ల ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు మన భాష ఎంత పాతదో చెప్పడానికి ఈ బండను గుర్తు చేసుకున్నారు.

సరే, ఇది వాక్‌ల వీడియో కదా, శాసనం ఎందుకు అంటారేమో. ఆ శాసనంలో ఇంకో సంగతి ఉంది. జినవల్లభుడు త్రిభువనతిలకం అనే బసదిని, అంటే జైన ఆలయాన్ని, కట్టించాడు. కవితాగుణార్ణవం అనే చెరువు తవ్వించాడు. మదనవిలాసం అనే తోట పెట్టించాడు. కవితాగుణార్ణవుడు అనేది అన్న పంపడి బిరుదు. అన్న పేరు మీద చెరువు!

చూశారా? వెయ్యేళ్ల కింద కూడా ఇక్కడ ఒకాయన గుట్ట, చెరువు, తోట పక్కపక్కన ఉండాలని అనుకున్నాడు. గుడికి వచ్చినోళ్లు నీళ్ల పక్కన నడవాలి, చెట్ల కింద కూర్చోవాలి అనుకొని ఉంటాడు. మనం వీకెండ్‌కి వెతుక్కునేది అదే.

చెరువు అంటే గుంత తవ్వి వదిలేయడం కాదు అని కూడా చెప్పాలి. నీళ్లు ఆపడానికి కట్ట. పొలాలకు వదలడానికి తూము. ఎక్కువైన నీళ్లు కట్టను తెంపకుండా పోవడానికి మత్తడి. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు వాగులో పడి కింద చెరువుకు పోవాలి. అట్లా ఒకదాని కింద ఒకటి గొలుసు. నీళ్లు ఏ మడికి ఎప్పుడు వదలాలో చూడడానికి ఊరికో నీరటి. నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసిన నాలుగేళ్లలో నేర్చుకున్నది ఒకటి: పాత సిస్టమ్‌లో ఏదో ఒక ముక్క పనికిరానట్టు కనిపిస్తుంది, తీసేస్తే ఎక్కడో ఇంకోటి కూలుతుంది. చెరువులూ అంతే. మత్తడి కాలువ మీద ప్లాట్లు చేసి అమ్మితే మరుసటి వానకు కింద కాలనీలో నీళ్లు నిలుస్తాయి. తెలంగాణలో ఇట్లాంటి చెరువులు 46 వేలకు పైగా ఉన్నాయని మిషన్ కాకతీయ కోసం లెక్క తీశారు.

ఇప్పుడు మన ప్రశ్న. ఇక్కడి నుండి ఎవరు వెళ్లిపోయారు? జైనులు వెళ్లిపోయారు. రాజ్యం మారింది, పోషించే చేతులు పోయాయి, మతం పలచబడింది. ఆ తర్వాత వెళ్లిపోతున్నది గుట్టలే. మీ ఇంటి కిచెన్ ప్లాట్‌ఫాం ముదురు గోధుమ రంగు గ్రానైట్ అయితే, అందులో నల్ల ఎర్ర చుక్కలుంటే, అది టాన్ బ్రౌన్ కావచ్చు. కరీంనగర్ గుట్టల రాయి అది. కోసి, లారీల మీద వేసి, రేవు దాకా పంపి, విదేశాలకు అమ్ముతారు. దాని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి, అది కూడా నిజమే. కానీ కోసిన గుట్ట మళ్లీ మొలవదు. గుట్ట మీద పడ్డ వాన కిందికి జారి చెరువు నిండాలి. గుట్ట లేకపోతే చెరువుకు నీళ్లు తెచ్చేదెవరు?

బొమ్మలగుట్టకు పోయినప్పుడు ఒక్కటే రిక్వెస్ట్. అక్షరాలు చేతితో రుద్దకండి, చాక్‌పీస్‌తో దిద్దకండి, నీళ్లు పోయకండి. పక్కన మీ పేరు గీయకండి. జినవల్లభుడి పక్కన మీ పేరు చదివేవాడికి మీరెవరో తెలియదు, ఏం చేశారో మాత్రం తెలుస్తుంది.

మూడో నడక: కడెం, కవ్వాల్ అడవి అంచు

అదే రోడ్డు మీద జగిత్యాల దాటి, ధర్మపురి దాటి, రాయపట్నం దగ్గర గోదావరి మీది బ్రిడ్జి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లాలో అడుగుపెట్టినట్టు. లక్సెట్టిపేట నుండి జన్నారం వైపు తిరగగానే రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు మొదలవుతాయి. ఇది ఒక పూట పని కాదు, పొద్దున్నే బయలుదేరి రోజంతా పెట్టుకోండి.

కడెం ప్రాజెక్టు దగ్గర కట్ట మీది నుండి చూస్తే ఒకవైపు నీళ్లు, వెనక కొండలు, అడవి. కుంటాల జలపాతంలో దూకే నది ఇదే, కడెం వాగు. అడవిలోపలికి మాత్రం సొంతంగా పోవద్దు. 1965 నుండి కవ్వాల్ అభయారణ్యం, 2012 నుండి టైగర్ రిజర్వ్. జన్నారం దగ్గర అటవీశాఖ వాళ్లను అడిగి, వాళ్లు చూపించిన దారిలోనే తిరగండి. ప్లాస్టిక్ వద్దు, స్పీకర్ వద్దు.

కడెం కట్టకు కూడా తన కథ ఉంది. పని 1949లో మొదలైంది. 1958లో వరద కట్ట మీది నుండి పొర్లి, మట్టికట్ట తెగిపోయింది. మళ్లీ కట్టారు. 2022 జులైలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. ఉన్న గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది సుమారు మూడు లక్షలు. నీళ్లు మళ్లీ కట్ట మీది నుండి పారాయి. కింది ఊళ్ల జనాన్ని ఇళ్లలో నుండి లేపి పంపించారు. ఆ రోజు టీవీలో అందరం చూసింది కట్టనే. చంటిపిల్లల్ని ఎత్తుకొని, బర్రెల పలుపులు విప్పి, వానలో నడిచినోళ్లు మన స్క్రీన్ మీద పెద్దగా కనిపించలేదు. కట్ట నిలబడింది. వాళ్లు తిరిగొచ్చారు. అందరి కథా అట్లా తిరిగి రాదు.

ఈ అడవికి ఉత్తరాన కెరమెరి మండలంలో జోడేఘాట్ ఉంది. నిజాం ప్రభుత్వం అడవిలో గీతలు గీసి ఇది రిజర్వ్ అని ప్రకటించడం మొదలుపెట్టాక, తరతరాలుగా అక్కడ పోడు చేసుకొని, పశువులు మేపుకొని బతికిన గోండులు, కొలాములు ఒక్కసారిగా సొంత నేల మీద దొంగలయ్యారు. పంట పెడితే కేసు, కర్ర కొడితే జుర్మానా. ఆ గీతకు ఎదురు నిలిచినవాడు కొమురం భీం. జల్, జంగల్, జమీన్ మావి అన్నాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయనను కాల్చి చంపారు. ఇప్పటికీ ఆశ్వయుజ పున్నమికి అక్కడ వర్ధంతి చేస్తారు. 2016లో ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం.

అది జరిగాక ప్రభుత్వానికి ఒక డౌట్ వచ్చింది, వీళ్లకు అసలు కష్టం ఏంటి అని. అప్పుడు ఇక్కడికి వచ్చినవాడు హైమెన్‌డార్ఫ్, ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త. భార్య బెట్టితో మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురం పెట్టి, వాళ్ల భాష నేర్చుకొని, వాళ్ల కష్టం రాసి ప్రభుత్వానికి ఇచ్చాడు. పట్టాలు ఇప్పించే పని, గోండి పిల్లలకు వాళ్ల భాషలో చదువు మొదలుపెట్టే పని అట్లా కదిలింది. 1987లో బెట్టి చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఎక్కడి దేశం, ఎక్కడి మార్లవాయి! మనం అరగంట ఫొటోలు తీసుకొని వచ్చే అడవిలో ఆమె ఉండిపోయింది.

ఈ మధ్య 2024లో పులుల అడవి లోపల ఉన్న రాంపూర్, మైసంపేట్ ఊళ్ల జనాన్ని బయటికి తెచ్చి, కడెం మండలంలోనే కొత్త ఇళ్లిచ్చారు. బయటికి వస్తే బడి, దవాఖాన, రోడ్డు ఉంటాయని కోరుకున్నవాళ్లు ఉన్నారు. దేవతల్ని, పెద్దల సమాధుల్ని విడిచి రాలేక ఏడ్చినవాళ్లు కూడా ఉంటారు, మా నానమ్మ లాగ. పులికి చోటు కావాలి, అది నేను ఒప్పుకుంటా. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఇప్పుడు గ్రామసభను అడగకుండా కదిలించొద్దు అంటుంది. మా తాతను అడిగినవాళ్లు లేరు. ఆ ఒక్క తేడా కోసం జోడేఘాట్ నుండి ఇక్కడి దాకా చాలామంది చాలా దూరం నడిచారు.

మళ్లీ కట్ట మీదికి

వీడియో ఎడిటింగ్ అయ్యాక మొదట బాపుకు చూపించా. మొత్తం చూశాడు. డ్యామ్ వద్దంటున్నవా అని అడిగాడు. లేదు బాపూ అన్నా.

"నేను గూడ వద్దనను" అన్నాడు. "కాలువ కింద ఎన్ని మళ్లు పారుతున్నయ్, నీకు ఎర్కేనా? వరంగల్ దాక పోతున్నయ్ నీళ్లు. మునిగినోడు మునిగిండు, పండినోడు పండిచ్చుకున్నడు. మునిగినోని పేరు గూడ ఒకసారి తలుసుకోవాలె. గంతే."

అంతకంటే బాగా నేను చెప్పలేను.

అందుకే ఈసారి మీకు చిన్న పని. ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి: మన ఇంటికి నీళ్లు ఎక్కడి నుండి వస్తాయి, అంతకు ముందు ఆ చోట ఏముండేది? ఫోన్ పక్కన పెట్టి వినండి. మా ఇంట్లో ఆ మాట బయటికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. అది కూడా రెండు కొంగలు వాలితేనే.

బాపు ఇప్పుడు కొత్త ప్రోగ్రాం పెట్టాడు. వచ్చే ఏప్రిల్‌లో నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు పొద్దున్నే పోదామంటున్నాడు. బావి ఒర రాళ్లు ఏమన్నా కనిపిస్తాయేమో చూస్తాడట. అమ్మ ఈసారి నేనూ వస్తా అంటోంది. కెమెరా తీస్కరావద్దు అని నాకు ముందే ఆర్డర్ వేశాడు. కాబట్టి ఆ నడక మీకు చూపించలేను. మిగతా మూడూ మీవే, హాయిగా నడవండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.